గుమ్మం షాట్

మేనత్తకి సినిమాలంటే పెద్దగా గిట్టదు. రెండున్నర గంటలు చీకట్లో కూర్చునే బదులు రెండు చొక్కాలకి కాలర్లు వేసుకోవచ్చని ఆవిడ లెక్క. అలాంటి మనిషి యాభై ఏళ్ళుగా ఒకే ఒక్క సినిమా గురించి ఎవరడిగినా అడక్కపోయినా చెబుతూనే ఉంది. ఆ సినిమా అంతా కూడా ఆవిడకి అక్కర్లేదు. పదకొండో రీలులో ఏడు సెకన్లు చాలు. ఆ ఏడు సెకన్లలో ఆవిడ ఉంది. ఉన్నానని ఆవిడంటుంది, ఎక్కడున్నావమ్మా అని ఇంట్లోవాళ్ళంటారు.

ఈ తగువు తిరిగి తిరిగి చివరికి మేనకోడలి నెత్తిన పడింది.

మేనకోడలిది పాత సినిమాలకి రంగులు దిద్దే పని. వెలిసిపోయి గీతలు పడ్డ నెగటివ్‌ని బొమ్మ తర్వాత బొమ్మ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తే, కిటికీల్లేని గదిలో పెద్ద తెర ముందు కూర్చుని, రంగుల్ని ఎక్కించి దించే నారింజకాయంత గుండ్లు మూడింటిని వేళ్ళతో దొర్లిస్తూ ఆకాశాన్ని ఆకాశంలా, ఆకుని ఆకులా మళ్ళీ నిలబెడుతుంది. ఆఫీసులో ఆమెకి రంగులమ్మ అని పేరు. పేరులో ఉన్నన్ని రంగులు ఆ గదిలో లేవు. గోడలు బూడిదరంగు, కుర్చీలు బూడిదరంగు, ఆమె వేసుకునే బట్టలూ బూడిదరంగే. పక్కన ఇంకో రంగు మెరిస్తే కన్ను మోసపోతుందని ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ పాటించే నియమం అది.

ఈ విద్యకి ఆమె ఎక్కడో బడికి వెళ్ళి చదివి పట్టా తెచ్చుకున్న మాట నిజమే గానీ, అసలు అక్షరాభ్యాసం జరిగింది మేనత్త కుట్టుమిషను దగ్గర. తల్లి పోయాక ఆ పిల్ల పెరిగింది అక్కడే. గుడ్డముక్క చేతికిచ్చి, దీనికి దారం తెమ్మని పంపేది అత్త. లోపల దీపం కింద కలిసిన రంగు కలిసినట్టు కాదు, గడప దాటి వెలుతురులో చూడు, అక్కడ కలిస్తేనే కలిసినట్టు అనేది. ఎనిమిదేళ్ళ పిల్ల నీలం దారాల్లో పదకొండు రకాలు చెప్పగలిగేది. ఆ చదువుకి జీతం కట్టింది కూడా ఆ మిషనే.

ఇక ఆ సినిమా కథ. పెద్దింటి అబ్బాయి, పేదింటి నల్లపిల్ల. అబ్బాయికి పిల్ల రంగుతో పని లేదు, ఊళ్ళో మిగతా అందరికీ అదే పని. పాటలు, పంతాలు, ఎడబాటు, చివర్లో పెళ్ళి. నల్లపిల్లని కథానాయికని చేసిన మగాడు అని దర్శకుణ్ణి ఆ రోజుల్లో పత్రికలన్నీ ఆకాశానికెత్తేశాయి. కథానాయిక వేషం కట్టిన నటి మాత్రం పాలమీగడ రంగు. రోజూ పొద్దున్నే గంటన్నర సేపు ఆమెకి ముఖానికీ, మెడకీ, మోచేతుల దాకా గోధుమరంగు ముద్ద పట్టించేవారు. సాయంత్రం మళ్ళీ గంట సేపు కడిగేవారు. ఆ కడిగిన నీళ్ళ గురించి ఎవరూ వ్యాసాలు రాయలేదు.

అప్పటికి మేనత్తకి పంతొమ్మిదేళ్ళు. ఆ సినిమాకి బట్టలు కుట్టే గదిలో పని. చక్కని నలుపు ఆవిడది, నేరేడుపండు నలుపు. ఒకరోజు దర్శకుడు కథానాయిక జాకెట్టు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వచ్చి, జాకెట్టు వదిలేసి కుడుతున్న పిల్లని చూశాడు. ఈ అమ్మాయిని హీరోయిన్ స్నేహితురాలిగా పెట్టండి అన్నాడు. అలా ఆవిడ మూడు రోజులు నటి అయింది. రెండు రోజులు గుంపులో నిలబడింది. మూడో రోజు మాత్రం ఆవిడది. కథానాయిక రాత్రికి రాత్రి ఇల్లు వదిలి వెళ్ళిపోతూ వెనక్కి తిరిగితే, గుమ్మంలో నిలబడి స్నేహితురాలు "వెళ్ళు. మళ్ళీ చూడకు" అంటుంది. ఆ మాట అంటూ మేనత్త నిజంగా ఏడ్చిందట. గ్లిజరిన్ సీసా పట్టుకుని వచ్చినవాడు మూత తీయకుండానే వెనక్కి వెళ్ళాడట.

సినిమా వచ్చింది. ఇంటిల్లిపాదీ పదకొండు మంది వెళ్ళారు. గొంతు ఎవరిదో పెట్టారు, అది ముందే తెలుసు కాబట్టి దానికి ఆవిడ బాధపడలేదు. ముఖమైనా నాదేగా అనుకుంది. గుమ్మం షాట్ వచ్చింది. గుమ్మంలో నల్లటి ఆకారం, ఆ ఆకారం మధ్యలో ఒక పళ్ళ వరుస. అంతే. మేనత్త తమ్ముడు, అంటే మేనకోడలి తండ్రి, అప్పటికి పద్నాలుగేళ్ళవాడు, హాలంతా వినపడేలా "అక్క పళ్ళొచ్చాయి, అక్కెప్పుడొస్తుంది?" అన్నాడు.

ముందు వరుస నవ్వింది, వెనక వరుస నవ్వింది, అమ్మానాన్నా నవ్వారు, అక్క కూడా నవ్వింది. ఆ మాట ఇంట్లో సామెత అయి కూర్చుంది. ఎవరైనా ఆలస్యంగా వస్తే పళ్ళొచ్చాయి, మనిషెప్పుడొస్తాడో అంటారు. పెళ్ళిళ్ళలో చెబుతారు, కొత్తగా వచ్చిన అల్లుళ్ళకి చెబుతారు. యాభై ఏళ్ళలో ఆ జోకు అరగనైనా లేదు.

మేనత్త మాత్రం ఆ రోజు ఇంటికొచ్చి తీర్పు చెప్పేసింది. ఆ థియేటర్ వాడి దీపం మంచిది కాదు, బొమ్మ మసగ్గా వేశాడు అంది. తర్వాత టీవీలో వచ్చింది, టీవీ మంచిది కాదు. క్యాసెట్ వచ్చింది, ఎవడో దొంగ కాపీ చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అక్క వ్యవహారం అని తమ్ముడు ఏడిపించేవాడు. ఆవిడ చలించేది కాదు. "నెగటివ్‌లో ఉంటాన్రా. అది మాత్రం అబద్ధం చెప్పదు" అనేది. బట్టల గదిలో మూడేళ్ళు పనిచేసినందుకు ఆ ఒక్క ముక్క గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు ఆ నెగటివ్ డబ్బాలు మేనకోడలి ఆఫీసుకి వచ్చాయి. హక్కులున్న సంస్థవాళ్ళు సినిమాకి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా కొత్తగా చేయించి, పెద్ద హాల్లో ఒక ఆదివారం పొద్దున అందరికీ చూపిస్తారట. పోస్టరు కూడా వేసేశారు. నల్లపిల్లకి పట్టం కట్టిన తొలి ప్రేమకథ అని దాని మీద పెద్దక్షరాలు. ఆ అక్షరాల కింద కథానాయిక ముఖం, గోధుమరంగు ముద్దతో.

మేనకోడలు ఆ సాయంత్రం ఉత్సాహం ఆపుకోలేక ఇంట్లో చెప్పేసింది. అదే ఆమె చేసిన పొరపాటు. నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అనలేదు పెద్దలు.

అత్త కుట్టుమిషను చక్రాన్ని అరచేత్తో ఆపింది. "అసలు నెగటివేనా?" అంది.

"అసలుదే అత్తా."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నెలన్నర."

"తొందరగా కానివ్వమ్మడూ. నేనాగినా నా కళ్ళు ఆగేలా లేవు."

అది నిజం. రెండేళ్ళుగా ఆవిడ చూపు మధ్యలో ఒక మచ్చ పెరుగుతోంది. చుట్టూ కనపడుతుంది, మధ్యలోది కనపడదు. ఎదురుగా ఉన్న మనిషి చెవులు కనపడతాయి, భుజాలు కనపడతాయి, ముఖం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. డాక్టరు ఇంకో ఏడాది అంటూనే దానికి పూచీ లేదన్నాడు. మేనకోడలు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళేముందు పన్నెండు సూదులకి దారం ఎక్కించి, సూదుల దిండుకి గుచ్చి వెళుతుంది. మిగతా కుట్టు అంతా ఆవిడ వేలికొసలతో నడుస్తుంది. "ఇప్పుడు లోకమంతా నాకు ఆ థియేటర్లో నాలాగే కనపడుతోంది" అని ఒకసారి నవ్వింది కూడా. ఆ నవ్వు మేనకోడలికి నచ్చలేదు.

మర్నాటి నుంచి గడప దాటి లోపలికి రాగానే ఒకటే ప్రశ్న. పదకొండో రీలు వచ్చిందా? ఇంకా లేదత్తా. మళ్ళీ మర్నాడు. వచ్చిందా? లేదత్తా.

పదకొండో రీలు నాలుగో వారంలో వచ్చింది.

ప్రతి రీలు మొదట్లోనూ నాలుగైదు ఫ్రేములు ఒక అమ్మాయి ముఖం ఉంటుంది. ఆ అమ్మాయికి సినిమాతో సంబంధం లేదు. పక్కన నాలుగు రంగుల చతురస్రాలు పెట్టుకుని, తెల్లగా, తీర్చిదిద్దినట్టు కూర్చుని ఉంటుంది. ల్యాబులో కాపీలు వేసేవాళ్ళు ఆ అమ్మాయి చెంప సరైన రంగులో వచ్చిందో లేదో చూసుకుని, దాన్నిబట్టి సినిమా మొత్తానికి రంగు కట్టేవారు. ఆమె చెంప బాగుంటే అంతా బాగున్నట్టే. పేరు ఎవరికీ తెలియదు. ల్యాబు జనం ముద్దుగా చక్కనమ్మ అనుకునేవారు. మేనకోడలు ఏళ్ళ తరబడి చక్కనమ్మని చూస్తూనే ఉంది, రోజూ గడపలో కనపడే పొరుగింటావిడని చూసినట్టు. ఆ రోజు మాత్రం చక్కనమ్మ మీద చిర్రెత్తుకొచ్చింది. ఏం చేసింది పాపం ఆవిడ, కూర్చోమంటే కూర్చుంది.

గుమ్మం షాట్ తెర మీదికి వచ్చింది. చేతిలో లాంతరుతో కథానాయిక, జాకెట్టు చేతుల అంచున సన్నటి తెల్ల కుట్టు పోగు పోగునా తెలుస్తోంది. అది అత్త కుట్టు. ఎక్కడ చూసినా పోల్చుకుంటుంది మేనకోడలు. కథానాయిక తిరిగి చూసింది. తర్వాత గుమ్మం. గుమ్మంలో నలుపు. నలుపులో పళ్ళు.

సరే, ఇది ఊహించిందే కదా అనుకుంది. గుండు దొర్లించి నీడల్ని పైకి లేపింది. గుమ్మం చెక్క మీద గీతలు వచ్చాయి. ఇంకా లేపింది. గోడకి సున్నం పెచ్చులూడిన చోటు వచ్చింది. ముఖం దగ్గర మాత్రం నలుపు పోయి బూడిదరంగు ఇసుక వచ్చింది. ఇసుక కదులుతోంది, ఉడుకుతున్న జావలా. ఇంకా లేపితే కాలర్ అంచున ఒక కుట్టు తేలింది. మెడ పైన ఏమీ లేదు. ముక్కు లేదు, కన్ను లేదు, చెంప లేదు, కన్నీరు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆమె లేచి కింది అంతస్తుకి వెళ్ళింది. నెగటివ్ దాచే చల్లటి గదిలో చేతులకి గుడ్డ తొడుగులు వేసుకుని, దీపపు పెట్టె మీద ఆ ఫిల్ము ముక్కని పరిచి, భూతద్దం పెట్టి చూసింది. నెగటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది. వెలుతురు తగిలిన చోటు చిక్కగా, తగలని చోటు పల్చగా. కథానాయిక ముఖం చిక్కగా ఉంది, దాని మీద ప్రతి వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. గుమ్మంలో అమ్మాయి ముఖం ఉండాల్సిన చోట ఫిల్ము ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. లేత నారింజ రంగు, ఖాళీ. అక్కడికి వెలుతురు వెళ్ళనే లేదు. వెలిసిపోయింది కాదు, చెరిగిపోయింది కాదు. అసలు పడలేదు.

పోయినదాన్ని తేవడం ఆమె విద్య. లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది? మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం అత్త అడిగితే, ఇంకా రాలేదత్తా అని చెప్పింది.

ఆ సినిమాకి కెమెరా పట్టినాయన ఇంకా ఉన్నాడు. ఎనభై ఆరేళ్ళు. అందరూ మాస్టారంటారు. రంగులు ఆయన చూసి సరేనంటేనే ఖాయం చెయ్యాలని ఒప్పందం, అందుకని వారానికి రెండు మధ్యాహ్నాలు వచ్చి వెనక కుర్చీలో కూర్చుంటాడు. ఒళ్ళో మడతపెట్టిన తువ్వాలు, జేబులో దగ్గు బిళ్ళలు. మంచిమనిషి. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికైనా ఒకడు దొరికేవాడు.

"మాస్టారూ, ఈ షాట్‌కి మీటరు ఎక్కడ పెట్టి చూశారండీ?" అని అడిగింది మేనకోడలు. మీటరంటే వెలుతురు కొలిచే చేతి పరికరం. అది ఏ ముఖం దగ్గర పెడితే కెమెరా ఆ ముఖం మాట వింటుంది.

"ఎక్కడ పెడతాం అమ్మాయ్, హీరోయిన్ చెంప దగ్గరే."

"గుమ్మంలో అమ్మాయి దగ్గర?"

"ఆ ఛాయకి రెండింతలు వెలుతురు కావాలి. వేరే లైటు పెట్టాలి. పెడితే గుమ్మం అంతా వెలిగి హీరోయిన్ వెలవెలబోతుంది. దర్శకుడు వద్దన్నాడు."

"ముఖమే కనపడనప్పుడు ఆ అమ్మాయిని తీసుకోవడం ఎందుకండీ?"

మాస్టారు కుర్చీలో కాస్త ముందుకి జరిగాడు. పనిలోని కిటుకు ఎవరైనా అడిగితే ఆయనకి హుషారు. "అక్కడే ఉంది కిటుకంతా. కథ ప్రకారం హీరోయిన్ నల్లపిల్ల. కానీ చూసేవాళ్ళకి మరీ నల్లపిల్లలా ఉండకూడదు, జనం రారు. మరెలా? పక్కన ఇంకా నల్లపిల్లని నిలబెట్టు. అప్పుడు ఈవిడ ఎంత రంగు పూసుకున్నా కళకళలాడుతుంది. దర్శకుడు భలే తెలివైనవాడు."

"గుమ్మంలో అమ్మాయి మా మేనత్తండీ" అంది మేనకోడలు.

మాస్టారు కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు.

"ఏడ్చింది ఆ అమ్మాయి" అన్నాడు చివరికి. "నిజంగా ఏడ్చింది. సెట్టు మీదున్న వాళ్ళం అందరం చూశాం. కంటికి కనపడిందే గానీ ఫిల్ముకి కనపడలేదు. గోడకి ఆనించి ఒక చిన్న దీపం పెడితే సరిపోయేది. నేను దర్శకుడితో ఎన్నింటికో పోట్లాడాను. కిటికీ తెర రంగు కోసం ఒక పూట షూటింగ్ ఆపించాను. ఆ అమ్మాయి కోసం పోట్లాడాలని నాకు తోచనే లేదు."

"ఇప్పుడేం చెయ్యొచ్చండీ?"

"నన్నడుగుతున్నావా?" అన్నాడు మాస్టారు. జేబులోంచి దగ్గు బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు.

పక్క గదిలో గీతలూ మరకలూ తుడిచే మరమ్మతులాయన ఒక దారి చెప్పాడు. నెగటివ్‌లో లేకపోతే ఏం, కంప్యూటర్ చేత వేయిద్దాం అన్నాడు. ఆ వయసు ఫోటో ఒకటి ఉంటే చాలు, అదే ముఖం కట్టి గుమ్మంలో నిలబెడుతుంది. నెగటివ్‌లో లేనిది బొమ్మలో పెట్టకూడదని ఆ ఆఫీసులో గట్టి నియమం. ఆ నియమం కోసం మేనకోడలు పోయినేడు సంస్థవాళ్ళతో కయ్యం పెట్టుకుంది కూడా. ఈసారి మారు మాట్లాడకుండా ఇంటికెళ్ళి అత్త పెట్టె వెతికింది.

ఆ వయసులో అత్తకి ఉన్నది ఒక్క ఫోటో. సంబంధాల కోసం స్టూడియోలో తీయించింది. స్టూడియోవాడు వృత్తి తెలిసినవాడు, కుంచె పట్టుకుని ముఖమంతా తెల్లగా దిద్ది, ముక్కు పక్కన నీడ గీసి, పెదాలు సన్నం చేసి ఇచ్చాడు. ఆ ఫోటో చూసి వచ్చిన పెళ్ళికొడుకు మనిషిని చూసి కాఫీ తాగకుండానే లేచాడు. అత్త తర్వాత ఎవర్నీ చేసుకోలేదు. ఆ ఫోటో గురించి ఆవిడనేది ఒకటే, ఆ పిల్లెవరో నాకు పరిచయం లేదు అని.

అయినా ఆ ఫోటోనే ఇచ్చింది మేనకోడలు. చెంప రంగు ఇలా ఉండాలని తన ఫోటోలు కూడా జోడించింది, అచ్చం మేనత్త పోలిక అని అందరూ అంటారు కదా. కంప్యూటర్ గంట సేపు ఆలోచించి ఒక ముఖం కట్టింది. చక్కటి కోలముఖం, సూది ముక్కు, చామనఛాయ. నలుపు తగ్గకూడదని మేనకోడలు మళ్ళీ చెప్పింది. మళ్ళీ కట్టింది. ఈసారి మన్ను పూసుకున్న తెల్లపిల్ల వచ్చింది. నాలుగోసారి వచ్చిన పిల్ల కథానాయికకి చెల్లెల్లా ఉంది. అదీ చక్కనమ్మ లాంటి వాళ్ళని చూసి చూసి నేర్చుకున్న చదువే మరి, దానికి మాత్రం ఇంకెవరు తెలుసు. మరమ్మతులాయన మొహమాటంగా, పోనీ ఇది పెట్టేద్దామా, ఏడు సెకన్లేగా అన్నాడు. మేనకోడలు నాలుగు ముఖాలనీ తుడిచేసింది.

ఇక ఇంట్లో పరిస్థితి. అత్త ఆ ఆదివారానికని తనకో కొత్త జత కుట్టుకుంటోంది, ఎన్నేళ్ళ తర్వాతో. గుడ్డ ముదురు పసుపు. నలుపు మీద పసుపు బాగా తేలుతుందని ఎంచుకుంది. అంచుల్ని బొటనవేలితో తడుముకుంటూ కుట్టి, పోగు సరిగ్గా పడిందా చూడమ్మడూ అని చూపించేది. పడింది, పిసరంత వంకర లేదు. మేనకోడలికి చెబుదామని నోటిదాకా వచ్చేది. అన్నం తినేటప్పుడు ఎందుకులే అనుకునేది. తిన్నాక, పడుకునేముందు ఎందుకులే అనుకునేది.

ఆదివారం ఇంకా తొమ్మిది రోజులుందనగా అత్తే విసిగిపోయింది. "రీలు వచ్చిందనీ తెలుసు, నువ్వు దాస్తున్నావనీ తెలుసు. నన్ను ఆశ్చర్యపెడదామనుకుంటున్నావేమో, నా కళ్ళకి అంత వ్యవధి లేదు. రేపు నన్ను తీసుకెళ్ళు" అంది.

తీసుకెళ్ళింది. దారి పొడుగునా మనసులో మాటలు పేర్చుకుంది. అత్తా, అది నీ తప్పు కాదు, ఆ దీపం తప్పూ కాదు, వాళ్ళు నీ మీద వెలుతురు వెయ్యలేదు. ఇంతే. మూడు ముక్కలు. కారిడార్‌లో నడుస్తూ కూడా పేర్చుకుంది.

అత్త బూడిదరంగు కుర్చీ చేతుల్ని తడిమి, కుట్టు పర్లేదే అని కూర్చుంది. తెరకి ఎదురుగా కాదు, పక్కకి తిరిగి. అలా తిరిగితే కంటికొసతో కాస్త అందుతుంది ఆవిడకి. మేనకోడలు ఇంకా చెప్పలేదు. ఒక్కసారి బొమ్మ వేసి, ఆపి, అప్పుడు చెబుదామనుకుంది.

లాంతరు వచ్చింది. "చేతుల అంచు నేను కుట్టిందే" అంది అత్త వెంటనే. "రాత్రంతా కూర్చుని కుట్టాను, పొద్దున్నే షూటింగ్ అని." కథానాయిక తిరిగింది. గుమ్మం వచ్చింది. ఎవరిదో గొంతు వెళ్ళు, మళ్ళీ చూడకు అంది. ఏడు సెకన్లు అయిపోయాయి. మేనకోడలు ఆపేసింది.

అత్త తలని ఇటు తిప్పింది, అటు తిప్పింది. "ఇంకోసారి వెయ్యి."

వేసింది.

"నల్లగానే ఉందే అమ్మడూ" అంది అత్త మెల్లగా.

చెప్పాల్సిన క్షణం అదే. మేనకోడలు గాలి పీల్చుకుంది. ఈలోగా అత్త తన మోకాలి మీద తనే కొట్టుకుని నవ్వింది. "నా పిచ్చి గానీ, నా కన్నుకి ఏ ముఖం కనపడుతోంది గనక. అప్పుడేమో వాడి దీపం, ఇప్పుడేమో నా కన్ను. నా ముఖం చూసుకునే రాత నాకు లేదు. పోనీలే, నువ్వు చూస్తున్నావుగా. ఉన్నానా?"

తెర మీద గుమ్మంలో ఇసుక ఉడుకుతోంది.

"ఉన్నావత్తా."

ఆ మాట ఎవరన్నారో మేనకోడలికే తెలియలేదు. పేర్చుకున్న మూడు ముక్కలూ ఎక్కడికి పోయాయో పోయాయి.

"బాగున్నానా?"

"బాగున్నావు."

"ఏడుస్తున్నానా?"

"ఆఁ."

అత్త కుర్చీలో ముందుకి వంగింది. అడగాలా వద్దా అని జంకినట్టు, గొంతు తగ్గించి అడిగింది. "ఏ కంట్లోంచి వచ్చాయి నీళ్ళు?"

మేనకోడలు తెర వంక చూసింది. చూస్తే ఏముంది అక్కడ. వెనక గోడ వంక చూసింది, మూడు గుండ్ల వంక చూసింది, అత్త చేతుల వంక చూసింది. ఇప్పుడు నిజం చెబితే ముందు చెప్పిన మూడు అబద్ధాలూ కలిసి ఆవిడని పొడుస్తాయి.

"ఎడమ కంట్లోంచి" అంది.

అత్త రెండు చేతులతోనూ ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. మేనకోడలు కుర్చీలోంచి లేవబోయింది. అత్త చేతులు తీసింది. ఏడుస్తోంది, నవ్వుతోంది, ఎడమ కన్ను ముందు తడిసింది.

"ఎడమే" అంది. "ఎప్పుడూ ఎడమే ముందు వస్తుంది నాకు. ఎవరికీ చెప్పలేదే నేను, కావాలనే చెప్పలేదు. చూసినవాళ్ళకి తప్ప తెలియదు. నా తృప్తి కోసం అంటున్నావేమోనని లోపల చిన్న పురుగు తొలుస్తూనే ఉంది. పోయిందిప్పుడు."

"అత్తా, ఒక్క మాట విను" అంది మేనకోడలు.

"ఉండు" అని అత్త సంచిలోంచి ఫోను తీసింది. అంకెలు కనపడకపోయినా తమ్ముడి నెంబరు ఆవిడ వేళ్ళకి తెలుసు. "ఒరే, నేన్రా. అమ్మడి ఆఫీసులో ఉన్నాను. విను. మనిషొచ్చిందిరా. పళ్ళు కాదు, మనిషి. కంట్లో నీళ్ళతో సహా ఉంది, పిల్ల కళ్ళారా చూసి చెప్పింది." అవతల నుంచి ఏదో వినపడింది. "అవునా అంటావేంట్రా, ఏ కన్నో కూడా చెప్పింది. ఆదివారం అందర్నీ తీసుకురా. చిన్నాన్న పిల్లల్ని, బావగారి వాళ్ళని, ఆ రోజు ఆ వరుసలో కూర్చుని నవ్విన వాళ్ళలో బతికున్న ప్రతి ఒక్కర్నీ. కొత్త అల్లుడికి కూడా జోకు చెప్పావుగా, అతన్నీ తీసుకురా. ముందు వరుసలోనే కూర్చోండి."

మేనకోడలి చేయి గుండు మీదే ఉంది. తెలియకుండానే దొర్లిస్తోంది. గుమ్మం తేలింది, గోడ తేలింది, కాలర్ మీద ఆ ఒక్క కుట్టు తేలింది.

"నాకు కనపడకపోతే ఏంరా" అంటోంది అత్త ఫోనులో, "మీకున్నాయిగా కళ్ళు."